పాత నావ పద్దు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండు పనుల్లోనూ ముందు వేసుకున్న అంచనాకీ, చివరికి చెల్లించిన సొమ్ముకీ బొత్తిగా చుట్టరికం వుండదని వారి భావం. ఆ మాట అన్న పెద్దలెవరో గాని నీటికి కాస్త దూరంగా కాపురం వున్నవారై వుండాలి. రేవు పక్కనే వున్నవారైతే మూడో మాట కూడా కలిపేవారు: పాత తెరచాప పడవ కొని చూడు!

"మాకు పడవలెక్కడివయ్యా? అద్దె ఇంట్లో స్కూటరు పెట్టుకోవడానికే చోటులేదు" అని మీరు అనవచ్చు. నిజమే. కాని పాత వస్తువు లేని ఇల్లు వుండదు గదా! తాతగారి నాటి పెంకుటిల్లో, మామగారిచ్చిన కుట్టుమిషనో, పదిహేనేళ్ళ కారో ఏదో ఒకటి వుంటుంది. వాటన్నిటి మరమ్మతుకూ ఒకే ధర్మశాస్త్రం. ఆ శాస్త్రాన్ని అందరికంటే కఠినంగా నేర్పే గురువు మాత్రం పాత నావే. అంచేత ఈ వారం దాని పద్దు విప్పుతున్నాను.

మా బావగారికి హుస్సేన్‌సాగర్‌లో నడుపుకునే చిన్న తెరచాప పడవ ఒకటి వుంది. ఎంటర్‌ప్రైజ్ జాతి అంటారు దాన్ని. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ అనే ఆయన గీసిన నమూనా. పొడవు 4 మీటర్ల చిల్లర, ఇద్దరు కూర్చునే వీలు, పలచని ప్లైవుడ్ ఒళ్ళు, నీలం తెరచాపలు. బావగారు దాన్ని పాతికవేలకు కొన్నారు. అప్పటికే అది రెండు చేతులు మారింది. "కొత్తది కొనాలంటే ఎంతవుతుందో తెలుసా?" అన్నారాయన ఇంట్లో అడుగుపెడుతూనే. మా అక్కయ్యకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఆమెకు ఏనాడూ రాలేదు. "ఇంకా ఏమైనా ఖర్చుందాండీ?" అని మాత్రం అడిగింది. "ఏముంటుంది? గాలి ఊరికే వస్తుంది, చెరువు ఊరికే వుంది" అన్నారు బావగారు.

గాలి, చెరువు ఊరికే వచ్చిన మాట నిజమే. మొదటి మూడేళ్ళూ రంగులకీ తాళ్ళకీ ఏవో కొద్ది ఖర్చులతో సరిపోయింది. నాలుగో ఏట ఏప్రిల్ నెలలో పడవ అడుగున కాస్త నీరు చేరడం మొదలుపెట్టింది. కాకినాడ వైపునుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన ఒక ముసలి వడ్రంగి మేస్త్రిని పిలిపించారు. ఆయన తాత తండ్రులు నావలు కట్టినవారు. మేస్త్రి పడవను బోర్లించి, చుట్టూ తిరిగి, చిన్న సుత్తితో ఇక్కడొక దెబ్బ, అక్కడొక దెబ్బ కొట్టి విన్నాడు.

"ఎంతవుతుంది మేస్త్రీ?"

"తెరిస్తే గాని తెలవదు బాబుగారూ."

"అది సరే, ఒక మాట చెప్పు."

"మీరు చెప్పమన్నారు గాబట్టి తొమ్మిదివేలు అనుకోండి. మూడు వారాలు అనుకోండి. నేననలేదు, మీరే అనుకోండి."

బావగారు అనుకున్నారు. అక్కయ్య పద్దు పుస్తకంలో రాసుకుంది.

పడవ నడుమ నీళ్ళలోకి దిగే నిలువుపలక ఒకటి వుంటుంది. గాలి పక్కనుంచి తోసినప్పుడు పడవ పక్కకి జారిపోకుండా పట్టేది అదే. ఆ పలక దిగే పెట్టె మొదట్లో బెత్తెడు మేర చెక్క మెత్తబడింది. మేస్త్రి సన్నటి ఆరతో పొడిచి చూశాడు. మగ్గిన అరటిపండులోకి దిగినట్టు దిగింది. దాన్ని కొయ్యాలంటే పైనున్న కూర్చునే బల్ల తియ్యాలి. బల్ల తియ్యాలంటే మరలు విప్పాలి. మరలు తుప్పుపట్టి వున్నాయి. రెండు వచ్చాయి, నాలుగు విరిగాయి. విరిగిన ముక్కల్ని తవ్వితే వాటి చుట్టూ చెక్క నల్లబడి వుంది. బల్ల లేచాక దానికింద ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడని మరో మూల బయటపడింది. అక్కడ బెత్తెడు కాదు, బారెడు పుచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనకోడలికి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చింది. ఇంట్లో వున్న డబ్బు ఒకటి, గడువులు రెండు. ఫీజుకి గడువు తేదీ వుంది, ఆలస్యమైతే జరిమానా వుంది. పడవకి అలాంటివేమీ లేవు గదా అనుకున్నారు. ఫీజు కట్టారు. అందులో తప్పేమీ లేదు. పడవ మాత్రం పొట్ట విప్పినట్టే వుండిపోయింది, పైన ఒక టార్పాలిన్ కప్పి. జూన్‌లో వానలు వచ్చాయి. టార్పాలిన్ ఒక రాత్రి గాలికి లేచింది. తెరిచిన చెక్క అంచులు నీళ్ళు తాగి ఉబ్బి పొరలు విడిపోయాయి. గడువు లేదనుకున్న దానికి కూడా జరిమానా వుందని అప్పుడు తెలిసింది. మేస్త్రి తొలి మాట 9,000. కనపడని పుచ్చు తాలూకు 12,900. వాన తాలూకు 6,500. వెరసి 28,400. మూడు వారాలు కాస్తా ఏడు నెలలై, నవంబరుకి పడవ మళ్ళీ నీళ్ళలో దిగింది.

బావగారు కొన్నాళ్ళు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తరువాత ఒకనాడు ఏదో పుస్తకం పట్టుకుని ఉత్సాహంగా వచ్చారు. ఆయనకి ఊరట దొరికింది. ఎక్కడంటే బ్రిటిషు నౌకాదళంలో! 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కి ప్రాణాలు విడిచిన ఓడ పేరు విక్టరీ. 1765లో దాన్ని నీటిలోకి దించారు. కట్టడానికి అయిన ఖర్చు 63,176 పౌన్లు. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి అది యుద్ధానికి పనికిరాదని పక్కనపెట్టి, గాయపడిన ఖైదీలకు ఆసుపత్రి ఓడగా మార్చారు. ఇంతలో మరో పెద్ద ఓడ నష్టమైపోయి లోటు ఏర్పడింది. సరే, విక్టరీనే బాగుచేద్దామని 1800లో చాటమ్ రేవులో పని మొదలుపెట్టారు. అంచనా 23,500 పౌన్లు. విప్పినకొద్దీ లోపాలు బయటపడ్డాయి. 1803లో పని ముగిసేసరికి తేలిన లెక్క 70,933 పౌన్లు. అంటే అంచనాకు మూడింతలు, పైగా ఓడను కొత్తగా కట్టినదానికంటే ఎక్కువ!

"చూశావా? మనదీ మూడింతలే, మనదీ కొన్న ధర దాటింది. అచ్చం విక్టరీయే!" అన్నారు బావగారు.

"వాళ్ళకి రాజుగారి ఖజానా వుందండీ. మనకి నా పోపులడబ్బా వుంది" అన్నది అక్కయ్య.

ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. మూడింతలవడానికి కారణం మేస్త్రి మోసమూ కాదు, బావగారి అమాయకత్వమూ కాదు. అది కొయ్యపడవ స్వభావంలోనే వుంది. మొదటి సంగతి, కొయ్యకు రోగం లోపలినుంచి వస్తుంది. పుచ్చు అనేది ఒక రకం బూజు. దానికి తేమా కావాలి, గాలీ కావాలి. ఎప్పుడూ నీళ్ళలోనే మునిగివున్న భాగానికి గాలి అందదు. ఎప్పుడూ ఎండుతూ వుండే భాగానికి తేమ అందదు. మధ్యన, తడిసి ఆరీ ఆరని మూలల్లో, బల్లల కింద, మరల చుట్టూ అది నిశ్చింతగా కాపురం పెడుతుంది. ఉప్పునీరు కొయ్యకు కొంత ఊరగాయలా కాపుదల. మంచినీరు, అందులోనూ పైనుంచి పడే వాననీరు అసలు శత్రువు. రంగు పైపైన నిగనిగలాడుతూనే వుంటుంది. ఆ రంగు వెనక ఎంత పోయిందో సుత్తి చప్పుడు కొంత చెబుతుంది, ఆర మరికొంత చెబుతుంది. మిగతాది పలక విప్పితే గాని ఎవరికీ తెలియదు. తెరవకుండా అంచనా చెప్పడమంటే కాయ కొయ్యకుండా గింజలు లెక్కపెట్టడమే.

రెండో సంగతి, పడవలో ఏ ముక్కా ఒంటరిగా బతకదు. గోడలో ఒక ఇటుక పాడైతే అది తీసి మరొకటి పెట్టవచ్చు. పడవ పలకలో బెత్తెడు ముక్క కోసి బెత్తెడు ముక్క అతికిస్తే మొదటి అలకే ఊడి వస్తుంది. అతుకు వాలుగా వుండాలి. పలక మందానికి కనీసం ఎనిమిది రెట్ల పొడవున వాలు చెక్కి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి అంటించాలి. అంగుళం మందం పలకకైతే ఒక్కొక్క అంచునా ఎనిమిది అంగుళాల మంచి చెక్క తెగవలసిందే. పుచ్చు చుట్టూ ఇంకా కొంత మంచి చెక్క కూడా తీసెయ్యాలి, లేకపోతే రోగం మళ్ళీ పాకుతుంది. అలా బెత్తెడు జబ్బుకి బారెడు వైద్యం. ఆ బారెడులో పక్కెముక అడ్డం వస్తే అదీ విప్పాలి. ఇనప మేకులు తుప్పుపట్టి ఉబ్బి చుట్టూ కొయ్యను చీల్చి వుంటే అవీ మార్చాలి. దీన్నే మా అక్కయ్య మరో విధంగా చెబుతుంది: "గుమ్మానికి కర్టెన్ మారుద్దామంటే చివరికి ఇల్లంతా సున్నం వేయించవలసి వచ్చింది."

మూడో సంగతి కాలం. డబ్బుంటే కాలాన్ని కొనవచ్చునంటారుగాని కొయ్య దగ్గర ఆ ఆట సాగదు. పచ్చి కొయ్యను గాలికి ఆరబెట్టాలంటే అంగుళం మందానికి సుమారు ఏడాది అని వడ్రంగుల వాడుక లెక్క. విక్టరీ ఓడ ఎముకలగూడు కట్టాక, ఏడేళ్ళ యుద్ధం సద్దుమణిగి తొందర తగ్గడంవల్ల, అనుకున్నదానికంటే ఎక్కువకాలం అలాగే ఆరింది. ఆ ఓడ అంత దీర్ఘాయువు కావడానికి అదీ ఒక కారణమని చెబుతారు. చిన్న పడవకీ అదే తీరు. వార్నీషు ఒక పూత వెయ్యాలి, ఆరాలి, గరుకుకాగితంతో రుద్దాలి, మళ్ళీ వెయ్యాలి. ఇలా అయిదారుసార్లు. గాలిలో చెమ్మ వుంటే పూత పాలలా తెల్లబడుతుంది. అంచేత వాన కురిసిన వారమంతా వడ్రంగికి సెలవే. పోనీ ఆలస్యమైతే ఏం, పడవ ఒడ్డున భద్రంగా వుంటుంది గదా అంటారా? పలకలు పేర్చి కట్టిన పాత పడవను ఎండలో ఎక్కువకాలం వుంచితే పలకలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి. మళ్ళీ నీళ్ళలో నానేదాకా కారుతుంది. మరమ్మతుకోసం ఒడ్డెక్కించిన పడవకి ఆ ఒడ్డే కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది.

ఈ మూడూ చాలనట్టు నాలుగోది, ఎవరి లెక్కకీ అందనిది మరొకటి వుంది. దాని పేరు దైవికం. చైనా తేయాకు తేవడానికి 1869లో స్కాట్లండులో కట్టిన కటీ సార్క్ ఓడ కథ వినండి. 16,150 పౌన్లకి కట్టి ఇస్తామని ఒప్పుకున్న నిర్మాతలు పని పూర్తికాకముందే దివాలా తీశారు. వేరొకరు వచ్చి ముగించవలసి వచ్చింది. కొత్త ఓడ అంచనాయే ఒకరి కొంప ముంచిందంటే పాతదాని సంగతి చెప్పాలా? ఆ ఓడను 1954లో గ్రీనిచ్‌లో శాశ్వతంగా నిలబెట్టారు. 2006లో పెద్ద మరమ్మతుకు పూనుకున్నారు. 2007 మే 21న తెల్లవారుజామున అది అంటుకుంది. విచారణలో తేలిందేమిటంటే, దుమ్ము పీల్చే యంత్రం ఒకటి ఆపకుండా వదిలెయ్యడమే బహుశా కారణమని! అదృష్టం ఏమంటే, అప్పటికే ఓడలోని కొయ్యలో సగం దాకా మరమ్మతుకోసం విప్పి వేరేచోట దాచారు. మరమ్మతు ఆలస్యమే ఓడను కొంత బతికించిందన్నమాట. రెండున్నర కోట్ల పౌన్లనుకున్న పని అయిదు కోట్లకు చేరి, 2012 ఏప్రిల్‌లో మళ్ళీ జనానికి తలుపులు తెరిచింది.

అమెరికావారి కాన్‌స్టిట్యూషన్ ఓడది మరో పద్ధతి. 1797లో బోస్టన్‌లో నీళ్ళలో దిగిన ఆ యుద్ధనౌకకు 1920ల్లో చరమదశ వచ్చింది. నాలుగు లక్షల డాలర్లు చాలునని, అదీ చందాలతోనే పోగుచేద్దామని తలచారు. బడిపిల్లలు పైసలు కూడబెట్టి ఇచ్చారు. ఆ పైసలే సుమారు లక్షన్నర డాలర్లయ్యాయి. ఈలోగా అంచనా పెరిగింది. తరువాత మళ్ళీ పెరిగింది. 1927లో డాక్‌లోకి చేర్చి, 1931లో పని ముగించేసరికి ఖర్చు 9,46,000 డాలర్లు దాటింది. ఇక్కడ మెచ్చుకోవలసిన సంగతి ఒకటి వుంది. రాబోయే మరమ్మతులకు కొయ్య దొరకదేమోనన్న భయంతో ఇండియానా రాష్ట్రంలోని నౌకాదళపు అడవిలో తెల్ల ఓక్ చెట్లను ఆ ఓడ కోసమే ప్రత్యేకించి కాపాడుతున్నారు. నావకి వైద్యం కావలసింది ఎప్పుడో తెలియదు, కాని కావలసివస్తుందని మాత్రం తెలుసు. అంచేత మందు ముందే పెంచుతున్నారు.

ఆ కాన్‌స్టిట్యూషన్‌కీ మన దేశానికీ ఒక విచిత్రమైన బంధం వుంది. బొంబాయిలో వాడియా వంశపు పార్సీ శిల్పులు బ్రిటిషు నౌకాదళానికి టేకు ఓడలు కట్టేవారు. త్రింకోమలీ అనే ఓడను కట్టమని ఇంగ్లండునుంచి నమూనా పటాలు పంపారు. వాటిని తెస్తున్న జావా అనే ఓడను 1812 డిసెంబరులో కాన్‌స్టిట్యూషన్ ఓడించి పట్టుకుంది. పటాలు పోయాయి. మళ్ళీ గీసి పంపేదాకా ఆగవలసి వచ్చింది. అంటే పాపం త్రింకోమలీకి ఆలస్యం పుట్టకముందే రాసిపెట్టివుంది! చివరికి 1817 అక్టోబరులో అది బొంబాయిలో నీళ్ళలో దిగింది. ఆ ఓడ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటిమీద తేలుతూనే వుంది. 1990లో మొదలైన దాని పునరుద్ధరణకు పదేళ్ళు దాటింది, కోటి పౌన్ల పైచిలుకు అయింది. అన్నేళ్ళ తరువాత కూడా దాని ఒంట్లో సగానికి పైగా ఆనాటి కొయ్యే వుందంటే అది మలబారు టేకు మహిమ, బొంబాయి శిల్పుల చేతి చలవ.

ఇంతదూరం వెళ్ళి మన గడపలోని సంగతి మరిస్తే బాగుండదు. మా మేస్త్రి పుట్టిన ప్రాంతంలోనే, కాకినాడకు దక్షిణాన గోదావరి పాయ ఒడ్డున, కోరంగి వుంది. ఒకప్పుడు ఓడలు కట్టడానికీ, బాగుచెయ్యడానికీ ఈ తీరంలో అది పేరుపడ్డ రేవు. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిషు యుద్ధనౌకలు సైతం మరమ్మతుకు అక్కడికి వచ్చేవి. అక్కడినుంచి బర్మా వెళ్ళిన తెలుగువారిని ఆ రేవు పేరుతోనే కొరంగీలని పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెనలు ఆ వూరిని ముంచాయి. నది ఒండ్రు రేవును క్రమంగా పూడ్చివేసింది. రేవు పోయినా పనివాళ్ళ చేతుల్లోని పనితనం ఒక్కసారిగా పోలేదు. ఆ చుట్టుపక్కల తాళ్ళరేవు వైపు కొయ్యపడవలు కట్టే వాడుక తరాలు దాటి వచ్చింది. పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం పట్టించడం, చెవితో కొయ్యను పరీక్షించడం, ఇవన్నీ పుస్తకం చూసి నేర్చుకునేవి కావు.

మా మేస్త్రికి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ లక్షణంగా వంటింటి అల్మారాలు బిగించి తండ్రికంటే మూడింతలు సంపాదిస్తున్నారు. "వాళ్ళకి పడవపని నేర్పలేదా?" అని అడిగాను ఒకసారి. "నేర్పడానికి పడవ వుండాలి గదండీ" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో నాకు ఈ ఖర్చు మరోరకంగా కనబడింది. విక్టరీ ఓడను ఈనాటికీ బాగుచేస్తూనే వున్నారు. ఆ పనిలో కుర్రవాళ్ళను చేర్చుకుని పాత పడవపని నేర్పుతున్నారు. పాత నావ తన మరమ్మతు ఖర్చుతో తాను ఒక్కతే బతకదు, ఒక విద్యను కూడా బతికిస్తుంది. అయితే ఆ విద్యను పోషించే బాధ్యతంతా పోపులడబ్బా మీద పెట్టడం భావ్యమా అంటే, కాదు. దానికో హద్దు వుండాలి.

ఆ హద్దును మా అక్కయ్యే కనిపెట్టింది. పడవ ఇంటికి వచ్చి ఆరేళ్ళు నిండిన రోజున ఆమె పద్దు పుస్తకం తెచ్చి బావగారి ముందు పెట్టింది. మొదటి ఏడు 6,000. రెండో ఏడు 4,500. మూడో ఏడు 7,500. నాలుగో ఏడు ఆ మహత్తర మరమ్మతు 28,400. అయిదో ఏడు 5,600. ఆరో ఏడు 8,000. "ఇవన్నీ కలిపితే సరిగ్గా అరవైవేలండీ. అంటే ఏడాదికి పదివేలు. విచిత్రం చూశారా? ఏ ఒక్క ఏడూ పదివేలు కాలేదు. అయితే తక్కువ, లేకపోతే మూడింతలు. అందుకే మీరు ప్రతి ఏడూ 'ఈసారి పెద్దగా ఏమీ లేదు' అని మురిసిపోయారు, ఒక్క ఏడు మాత్రం గుండె పట్టుకున్నారు." బావగారు నిశ్శబ్దంగా విన్నారు. "నెలకి 850 ఈ డబ్బాలో వేస్తాను. అవసరం వున్నా లేకపోయినా వేస్తాను. పడవ ఖర్చంతా ఇందులోంచే. ఇది ఖాళీ అయితే పడవ బోర్లా పడుకుని కప్పుకుని వుండాలి. పిల్ల ఫీజు జోలికి రాకూడదు, ఫీజు దీని జోలికి రాదు."

ఆ లెక్కలో ఎంత తెలివి వుందో నాకు కాస్త ఆలస్యంగా బోధపడింది. పాత నావ ఈ ఏడు ఎంత అడుగుతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కాని పదేళ్ళలో ఎంత అడుగుతుందో పద్దు రాసిన ఇల్లాలు చెప్పగలదు. మనం అంచనా అడగవలసింది ఒక్క మరమ్మతుకి కాదు, ఆ వస్తువుతో కాపురానికి. డబ్బా నిండివుంటే ఇంకో లాభం కూడా వుంది. విప్పిన పలకను విప్పినట్టే వదిలి, ఫీజు కట్టి, వానకు అప్పగించవలసిన అగత్యం రాదు. మేస్త్రి రాసిన 28,400లో 6,500 అలా పోయిందే. అది కొయ్య తప్పు కాదు, చేతిలో సొమ్ము ఆడకపోవడంవల్ల వచ్చిన తద్దినం.

అంచేత పాత పడవో, పాత ఇల్లో, మరేదో కొనబోయేవారికి నా మనవి ఇది. కొనే ముందు మూడు అంకెలు కాగితంమీద రాసుకోండి. మొదటిది, కొన్న ధర. రెండోది, ఆ ధరకు సమానమైన సొమ్ము ఏదో ఒక ఏట ఒక్కసారిగా పోయినా ఇంట్లో ఏ పిల్ల చదువూ, ఏ ముసలివాళ్ళ మందూ ఆగకుండా వుంటాయా అన్న లెక్క. మూడోది, నెలనెలా పక్కన పెట్టగల మొత్తం. మూడో అంకె దగ్గర కలం ఆగిపోతే ఆ వస్తువును దూరంనుంచి చూసి ఆనందించండి. అదీ ఒక రకం సుఖమే. కలం ఆగకపోతే నిక్షేపంలా కొనండి. పని మొదలుపెట్టేటప్పుడు మూడు వారాలని ఎవరితోనూ చెప్పకండి. ముందు మూల విప్పించి చూసి, తరువాత ధర మాట్లాడండి. వానాకాలం ముందర ఏ పలకా తెరవకండి.

ఇక మరమ్మతు చేసేవాడి సంగతి. "తెరిస్తే గాని తెలవదు బాబుగారూ" అన్న మేస్త్రిని మనం సాధారణంగా అనుమానిస్తాం. వీడెవడో ఖర్చు పెంచడానికి చూస్తున్నాడనుకుంటాం. ధైర్యంగా ఒక అంకె చెప్పినవాడికి పని అప్పగిస్తాం. పాత వస్తువుల దగ్గర మాత్రం ఈ నమ్మకాన్ని తిరగెయ్యడం మంచిది. తెరవకుండానే ఇంతేనని ఒట్టు పెట్టేవాడు ఆ పుచ్చును చూడలేదు, చూడదలుచుకోనూ లేదు. తెలియదన్నవాడు సుత్తి పట్టుకుని చెవి ఆనించి వింటున్నాడు. ఆ చెవి వున్నంతకాలం నావ తేలుతుంది.